పచ్చ పట్టీ ఇంజను

మదనపల్లెలో నాది రంగుల అంగడి. గోడల రంగులు, గేట్ల రంగులు, ట్రాక్టర్లకు కొట్టే రంగులు. పొద్దున షట్టర్ ఎత్తిన గంటలోపల ఎవరో ఒకరు వచ్చి "అన్నా, పచ్చ రంగు ఒక లీటరియ్యి" అంటారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఏ పచ్చ నాయనా? పచ్చగడ్డి పచ్చా, పచ్చకామెర్ల పచ్చా?" అని అడుగుతాను. మన భాషలో ఆకునూ పచ్చ అంటాం, పసుపునూ పచ్చ అంటాం. అంగడి పెట్టినప్పటి నుంచి ఈ ప్రశ్న వేసి వేసి నా నోరు అరిగిపోయింది. కొందరు నవ్వుతారు. కొందరు ఈయనకెంత పొగరో అనుకుంటూ పక్కంగడికి పోతారు. పోనీ అనుకుంటాను. తప్పు రంగు అమ్మి రేపు తిట్లు తినడం కంటే అది నయం.

ఇంతమందిని అడిగినవాణ్ణి, అడిగి తీరాల్సిన ఒక్కచోట అడగలేదు. అది మా నాయన రాసిపెట్టిన మాట. నాయన అప్పటికే పోయాడు, ఆయన్ను అడిగే వీలు లేదు. కానీ ఆ రాత చదివినప్పుడు నన్ను నేనైనా అడుక్కోవాలి కదా. అడుక్కోలేదు. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాకు పాత డీజిల్ ఇంజన్ల పిచ్చి. కొత్తవి కాదు. పాకాల నుంచి ధర్మవరం దాకా మా వైపు మీటర్ గేజి లైను ఉన్న రోజుల్లో, బొగ్గు ఇంజన్ల తర్వాత వచ్చిన చిన్న డీజిళ్లు. మా లైను పట్టాలు వెడల్పు చేసినప్పుడు అవి వేరే ఊళ్లకు పోయాయి. అక్కడి లైన్లూ మారిపోయాక తుక్కు కింద పోయాయి. ఎక్కడైనా ఒకటి మిగిలిందని తెలిస్తే అంగడి మూసుకుని మరీ పోతాను. అది ఏ దేశంలో తయారైంది, మొదట ఏ షెడ్డులో ఉంది, ఎన్ని రంగులు మార్చింది అని కూపీ లాగేదాకా నాకు అన్నం సయించదు. కొన్ని అమెరికా నుంచి ఓడలో వచ్చాయి, కొన్ని కెనడా నుంచి, ఎక్కువ భాగం వారణాసిలో తయారయ్యాయి. పైకి చూస్తే అన్నీ ఒకే అచ్చు. తయారీ బిళ్ల ఉంటే చిటికెలో తేలిపోతుంది కానీ, ఇత్తడి బిళ్లను ఎవరు ఉండనిస్తారు? అన్నిటికంటే ముందు మాయమయ్యేది అదే. ఇంజన్ భాగాల మీద నంబర్లు కొట్టి ఉంటాయి కదా అంటారేమో, షెడ్డులో ఒకదాని భాగం ఇంకోదానికి బిగించేస్తారు. ఒక్క బండి మీదే మూడు నంబర్లు దొరికిన రోజులున్నాయి.

అందుకే చివరికి రంగే దిక్కు. ఒక్కో షెడ్డుకు ఒక్కో రంగు, ఒక్కో తీరు పట్టీ. పాతది పూర్తిగా గీకకుండానే పైన కొత్తది కొట్టేవాళ్లు కాబట్టి, రంగు గీకే ఉప్పు కాగితం నీళ్లలో తడిపి అరచేయంత చోట నిదానంగా రుద్దితే ఎర్రగడ్డ పొరల్లాగా ఒకదాని కింద ఒకటి బయటికొస్తాయి. ఏ పొర ఏ కాలానిదో నేను చెప్పగలను. చెప్పగలననే ఆ రోజు దాకా అనుకున్నాను.

మా అత్త పుంగనూరులో ఉంటుంది. మా నాయనకు అక్క. ఆమె భర్త, అంటే మా మామ, ఈ లైనులోనే డీజిల్ డ్రైవరు. మా నాయన అదే బండి మీద అసిస్టెంటు. బావా బావమరుదులు ఇద్దరూ ఒకే ఇంజన్ ఎక్కుతారని స్టేషన్లలో అందరూ ఎగతాళి చేసేవాళ్లట. నేను ఆరో తరగతి చదివేటప్పుడు, ఒక మధ్యాహ్నం, కురబలకోట దాటి మదనపల్లె రోడ్డు స్టేషనుకు వస్తూ ఉండగా మామ గుండె ఆగి సీట్లోనే ఒరిగిపోయాడు. బ్రేకు వేసి బండి ఆపింది మా నాయన.

అత్తకు పిల్లలు లేరు. రైల్వే వాళ్లు ఇస్తామన్న ఉద్యోగం ఒద్దంటే ఒద్దని, పుంగనూరు పోయి అక్కడి మిషన్ బడిలో పిల్లలకు కుట్టుపని నేర్పుతూ బతుకు ఈడ్చుకొచ్చింది. ఆదివారం చర్చి, మిగతా రోజులు కుట్టుమిషను. ఆమె నోట ఇంజన్ అన్న మాట నేను ఎన్నడూ వినలేదు. నేను ఆ సంగతి ఎత్తితే చాలు, ఏదో పని గుర్తొచ్చినట్టు వంటింట్లోకి పోయేది.

పోయిన సంవత్సరం ఒక ఆదివారం ఆమె ఇంటికి పోయినప్పుడు నోరు ఊరుకోక ఒక మాట అన్నాను. కుప్పం అవతల ఒక గుజిరీలో, అంటే పాత ఇనుము కొని కోసి అమ్మే యార్డులో, మా లైనులో తిరిగిన ఇంజన్లు రెండు వచ్చి పడ్డాయని. ఆమె వంటింట్లోకి పోలేదు. చేతిలోని గుడ్డ కింద పెట్టింది.

"మన లైనువా?" అంది.

"ఔనత్తా. అట్లనే అంటాండారు."

"ఆయన పోయిన బండి ఉండాదా దాంట్లో?"

తెలియదన్నాను. ఉంటే ఉండొచ్చన్నాను.

"ఉంటే నాకు సూపించప్పా. ఒక్క తూరి. ఆయన యాడ కూసోని పోయినాడో నేను సూడలేదు. ఎవురూ నాకు సూపించలేదు" అంది. ఆమె నన్ను ఏదైనా అడగడం నాకు తెలిసి అదే మొదలు.

అక్కడి నుంచే యార్డు యజమానికి ఫోన్ కొట్టాను. అతని ఇంటి మాట తమిళం, అంగడి మాట తెలుగు. మంచివాడే. "మంగళవారం కోత మొదలు సార్. ఏది ముందు కోస్తే నాకేముంది? మీరు ఏది ఉంచమంటే అది ఆఖరికి పెట్టుకుంటా. అయితే బుధవారం లారీ వస్తాది. ఆ తర్వాత నా చేతుల్లో లేదు" అన్నాడు. రెండింట్లో ఏది మామ బండో సోమవారం లోపల నేను తేల్చాలి. అత్తతో ఆ మాటే చెప్పాను. "తేలుస్తావా?" అంది. "అది కూడా తేల్చలేకపోతే ఇన్నేండ్లు నేను చేసిందేంది?" అన్నాను. పొగరు అంటే అదే.

మదనపల్లెకు వచ్చి నాయన డ్యూటీ పుస్తకాలు ఉన్న ఇనుప పెట్టె తెరిచాను. ఏ రోజు ఏ బండి, ఎన్ని గంటలకు ఎక్కాడు, ఎప్పుడు దిగాడు, అంతా పెన్సిల్‌తో రాసుకునేవాడు. మామ పోయిన రోజు పేజీ ఉంది, ఆయన సీట్లో ఎట్లా పోయాడో నాలుగు వాక్యాల్లో రాసి ఉంది. కానీ పైన చెమ్మ తగిలి ఇంజన్ నంబరు అలుక్కుపోయింది. భూతద్దం పెట్టినా మొదటి అంకె తప్ప ఏమీ కనబడలేదు. వెనక్కి తిప్పుకుంటూ పోతే నంబర్లన్నిటి గతీ అదే, కానీ అంతకు రెండు వారాల ముందు పేజీలో ఒక వాక్యం దొరికింది. "మా బండి షెడ్డు నుంచి కొత్త రంగుతో వచ్చింది. ఎర్ర ఒళ్లు, పచ్చ పట్టీ. బావ మురిసిపోయినాడు."

ఎర్రటి ఇంజను, నడుము చుట్టూ ఆకుపచ్చ పట్టీ. అలాంటిది నేను ఎక్కడా చూడలేదు. చూడనిది కాబట్టే అది దొరికితే ఇక తిరుగుండదు అనుకున్నాను. పసుపు పట్టీ అయితే ఊరికొక ఇంజనుకు ఉంటుంది, దాని గురించి నాయన పనిగట్టుకుని యాల రాస్తాడు? ఇట్లా నాకు నేనే చెప్పుకున్నాను. నేను రాసి ఉంటే పసుపుకు పసుపు అని, ఆకుపచ్చకు పచ్చ అని రాసేవాణ్ణి. నాయన కూడా నాలాగే రాశాడని అనుకున్నాను. అంగడిలో మూడో తరగతి తప్పినవాణ్ణి కూడా అడిగే ప్రశ్న నా తలకు తట్టలేదు.

సోమవారం పొద్దున్నే కుప్పం పోయాను. ఒకటి గేటు దగ్గర, ఒకటి వెనక గోడ దగ్గర, రెండూ చక్రాలు పీకేసి చెక్క దిమ్మెల మీద కూర్చోబెట్టి ఉన్నాయి. రెండింటి మీదా ఆఖరుగా కొట్టిన నీలం రంగు ఎండకు పెచ్చులు లేచింది. చట్రం ఇనుములో పోత పోసిన తయారీ అక్షరాలు వెదికాను. రెండూ వారణాసివే. అంటే పుట్టుకను బట్టి తేలదు. ఇక ఉప్పు కాగితం తీశాను.

గేటు దగ్గరిది ముందు పట్టుకున్నాను. నీలం కింద మీగడ రంగు, దాని కింద ఎరుపు. ఇంకాస్త రుద్దేసరికి నాలుగు వేళ్ల వెడల్పున ఆకుపచ్చ పట్టీ అంచు బయటపడింది. ఎగిరి గంతేయలేదు కానీ వేసినంత పని చేశాను. గోడ దగ్గరిదాన్ని ఏదో మొక్కుబడిగా రుద్దాను. నీలం కింద ఎరుపు, ఎరుపు మీద పసుపు పట్టీ. అందరికీ ఉండేదే అనుకుని వదిలేశాను.

ఒక్కటి మాత్రం ముల్లులా గుచ్చుకుంది. గేటు దగ్గరిదాని బ్యాటరీ పెట్టె మీద, ఆకుపచ్చ పట్టీ ఉన్న పొరలోనే, హిందీ అక్షరాలు కనబడ్డాయి. మా లైను షెడ్డు వాళ్లు హిందీలో రాసుకోరు. ఉత్తరాది షెడ్డు నుంచి వచ్చిన బండ్లకు అలా ఉంటుంది. ఉత్తరాదిన లైన్లు వెడల్పు చేసినప్పుడు ఇటు పంపిన బండ్లవి. అంటే మామ పోయిన చాలా ఏళ్లకు వచ్చినవి. ఆ సంగతి నాకు తెలుసు. బాగా తెలుసు. ధర్మవరంలో పాత ఫోర్‌మన్ ఒకాయన ఉన్నాడు, ఒక ఫోన్ కొడితే పది నిమిషాల్లో చెప్పేవాడు. కొట్టలేదు. పచ్చ పట్టీ దొరికాక ఇంకేం కావాలి అని, ఆ అక్షరాలను చూసీ చూడనట్టు వదిలేశాను.

"గేటు దగ్గరిది ఉంచండి. గోడ దగ్గరిది ముందు కోసుకోండి" అని యజమానికి చెప్పి, అత్తకు ఫోన్ చేశాను. "దొరికిందత్తా. రేపు పొద్దున వస్తాండాను, సిద్ధంగా ఉండు" అన్నాను. "సరేప్పా" అంది.

మంగళవారం నేను పోయేసరికి ఆమె తెల్లచీర కట్టుకుని గడప మీద కూర్చుని ఉంది. ఏమైనా తిన్నావా అంటే వచ్చి తింటాలే అంది. అంగడి వ్యానులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయలుదేరాను. పలమనేరు దాటేదాకా ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి, ప్రార్థన చేసుకుంటోందని అర్థమైంది. అడవి రోడ్డు మొదలయ్యాక ఉన్నట్టుండి మాట్లాడింది.

"ఆ బండికి కొత్త రంగేసినబ్బుడు ఆయన నన్ను పిలుసుకోని పోయి సూపించినాడప్పా. స్టేషన్‌లో. ఇంగా సరిగా ఆరలేదు. నాకు తెలీక ఆ పట్టీ మీద సెయ్యి పెట్టినా. అరసేయంతా పసుపే. పెండ్లిలో నలుగు పెట్టినట్ల ఉండాదని ఆయన ఒగటే నవ్వు."

నా కాలు బ్రేకు మీద పడింది. వెనక బస్సువాడు హారన్ కొట్టి తిట్టుకుంటూ పోయాడు.

"పసుపా?" అన్నాను.

"పసుపే."

"నాయన పచ్చ అని రాసినాడే."

"పచ్చ అంటే పసుపే కదప్పా. మా ఇంట్లో పసుపు కొమ్మునే పచ్చ అంటాము. ఆకును ఆకుపచ్చ అంటాము. యాల, ఏమాయ?"

"ఏం లేదు" అన్నాను. గోడ దగ్గరిది. పసుపు పట్టీ ఉన్నది. ముందు కోసుకోండి అని నా నోటితో నేనే చెప్పి వచ్చాను. టైము చూస్తే తొమ్మిదిన్నర. వాళ్లు ఏడింటికే పని మొదలుపెడతారు.

వ్యాను పక్కకు ఆపి ఫోన్ చేశాను. మోగింది, తీయలేదు. మళ్లీ చేశాను. గ్యాస్ కటింగ్ మోతలో ఫోన్ ఎవరికి వినబడుతుంది? మూడోసారి సిగ్నల్ పోయింది. "ఎవురికి?" అంది అత్త. "గుజిరీ ఆయనకు. దావ అడుగుదామని" అన్నాను. నిన్న పోయి వచ్చిన దారి ఈ రోజు అడగడమేమిటని ఆమె అడగలేదు. నేను వ్యాను ఎత్తి తోలాను. గుంటలు చూడలేదు, మలుపులు చూడలేదు. ఆమె పైన కమ్మీ పట్టుకుని కూర్చుంది.

వి.కోట దాటి రామకుప్పం వైపు తిరిగే చోటుకు ఇంకా కొంచెం దూరం ఉందనగా బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. టమాటా తోటలో పడ్డ ఏనుగులు ఇంకా అడవిలోకి పోలేదంట, రోడ్డు దాటాలంట. అటవీశాఖ ఆయన ఒకడు కర్ర అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. దిగిపోయి అతని మీద అరిచాను. ఒక మనిషి పాణం మీదికి వచ్చిందయ్యా, ఒక్క బండిని వదిలితే నీ సొమ్మేం పోతుంది అన్నాను. అతను తాపీగా "పోతే పోండి సార్, మీ ఇష్టం. మీ తొందర ఏనుగుకు తెల్దు కదా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను మళ్లీ వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాను. చొక్కా అంతా చెమట.

"పోనీలేప్పా. వాటికీ కడుపులుండాయి" అంది అత్త.

అరగంట అట్లాగే కూర్చున్నాం. ఆ అరగంటలో ఎన్నిసార్లు ఫోన్ చేశానో లెక్క లేదు. చేసిన ప్రతిసారీ ఆమె నా మొహం చూసేది. చివరికి అతనే చేశాడు. వ్యాను దిగి రోడ్డు పక్కకు పోయి తీశాను.

"ఏం సార్, ఇన్నితూర్లు చేసినారు?"

"గోడ దగ్గరిది ఆపండి. కోయొద్దు. నేను చెప్పింది తప్పు. అదే మా బండి."

"సార్, క్యాబ్ పొద్దున్నే దించేసినాం. ముక్కలు కూడా చేసేసినాం. మీరే కదా సార్ ముందు దాన్ని కోయమనింది?"

ఔను, నేనే. ఎవరిని తిట్టాలి? యజమాని నేను చెప్పిందే చేశాడు. నాయన తన ఇంట్లో మాట్లాడే మాటే రాశాడు. ఏనుగులది తప్పు కాదు. జీవితంలో మొదటిసారి తిట్టడానికి నాకు నేను తప్ప మనిషి దొరకలేదు. మిగిలినదాన్నైనా ముట్టుకోవద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను. డ్రైవరు కూర్చునేది క్యాబ్‌లో. అత్త చూడాలన్నదే ఆ క్యాబ్.

అక్కడ నిలబడే నేను నిర్ణయించుకున్నాను. గేటు దగ్గరిది నిండుగా నిలబడి ఉంది. అదే అచ్చు, అదే క్యాబ్, అదే సీటు. ఇదే అని చెబితే ముసలామెకు ఏం తెలుస్తుంది? చూసుకుంటుంది, ఏడుస్తుంది, తృప్తిగా ఇంటికి పోతుంది. చెప్పకపోతే ముక్కలు చూపించాలి. ఆమె తట్టుకోలేదు. ఆమె కోసమే అనుకున్నాను. నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి అని మాత్రం అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నాను.

దారి వదిలారు. మేము యార్డుకు చేరేసరికి పదకొండు దాటింది. యజమాని ఎదురొచ్చి "సార్, ఆ పసుపు..." అని ఏదో చెప్పబోయాడు. కళ్లతో వద్దన్నాను. అతనికి అర్థమై పక్కకు తప్పుకున్నాడు. గోడ వైపు రెండు రేకులు అడ్డంగా నిలబెట్టి ఉన్నాయి, వాటి వెనక మంట వెలుగు లేదు, చప్పుడు లేదు. గ్యాస్ కటింగ్ చేసే ఆయన బీడీ తాగుతూ నీడలో కూర్చుని ఉన్నాడు.

"ఇదే అత్తా" అన్నాను గేటు దగ్గరిదాన్ని చూపించి.

ఒక డ్రమ్ము బోర్లించి, దాని మీద పలక వేసి, నేనూ ఆ కటింగ్ ఆయనా చెరొక చెయ్యి పట్టుకుని ఆమెను ఎక్కించాం. ఎక్కుతూ ఒకచోట ఆగింది. నేను నిన్న రుద్దిన చోటు అక్కడే ఉంది. నేను గబుక్కున దానికి అడ్డం నిలబడ్డాను. ఆమె లోపలికి పోయింది. సీటు మెత్త ఎప్పుడో పోయింది, ఇనుప చట్రం మిగిలింది. నేను నా తుండుగుడ్డ మడిచి వేశాను. ఆమె కూర్చుంది. అద్దాలు లేని కిటికీలోంచి ముందుకు చూసింది.

"మామ ఈడనే కూసోనుండినాడు. నాయన ఆపక్క" అన్నాను. ఆమె చేత్తో హ్యాండిలు ఉండాల్సిన చోట తడిమింది. నాకు హమ్మయ్య అనిపించింది. అవతల లైను మీద బెంగళూరు పోయే రైలు ఒకటి పోయింది. అది పోయే దాకా ఆమె దాన్నే చూసింది.

"ఇది కాదు గదా" అంది అత్త.

"ఇదే అత్తా."

"ఎక్కేటప్పుడు సూసినా. నువ్వు అడ్డం నిలబడక ముందే సూసినా. గడ్డి రంగు ఉండాది."

"తర్వాత మార్చింటారు. పసుపు దాని కింద పొరలో ఉంటాది" అన్నాను. నోటికి ఎంత తొందరగా వచ్చిందో ఆ అబద్ధం.

ఆమె కోపంగా చూడలేదు. అలసిపోయిన మనిషిలా చూసింది.

"పై పొర కింద పొర నాకు సెప్పొద్దప్పా. దావంతా నీ మొగం సూస్తానే వచ్చినా. యాల అబద్ధం సెప్తాండావు?"

నేను తల వంచుకున్నాను.

"ఆ పొద్దు మీ నాయన గూడా ఇట్లనే సెప్పినాడు. మేము అబ్బుడు మదనపల్లెలోనే ఉండేది. ఇంటికొచ్చి, అక్కా, బావకు రవంత నలతగా ఉండాది, ఆస్పత్రిలో పండుకోనుండాడు, గంజి కాసుకోని రా అన్నాడు. నేను నమ్మినా. గంజి కాసినా. సల్లారిపోతాదని క్యారియర్‌కు కొంగు సుట్టుకోని పోయినా. ఏ వార్డులో ఉండాడని కనబడినోళ్లనంతా అడిగినా. ఒగ నర్సమ్మ నా సేతిలో క్యారియర్ సూసి, ఏమీ సెప్పలేక లోపలికి పాయ. ఆయన వార్డులో లేడు."

నాకు ఇది తెలియదు. నాయన ఎన్నడూ చెప్పలేదు.

"నన్ను మోసం సేయాలని కాదు. నేను తట్టుకోలేనని. తమ్ముడు కదా, నా మీద పేమే. వాడు బతికుండినంత కాలం నేను వాణ్ణి ఆ మాట అడగలేదు. అడిగితే ఏడుస్తాడు. కానీ సూడు, నేను తట్టుకుంటానో లేదో నన్ను అడిగినోళ్లే లేరు. ఆ గంజి మోసుకోని తిరిగినానే, అది ఒగటే నాకు ఇప్పటికీ పోలేదు. ఇబ్బుడు నువ్వు." ఆమె చట్రం పట్టుకుని లేచింది. "యాడ ఉండాది సెప్పు."

"గోడ దగ్గర" అన్నాను. "పొద్దున కోసేసినారు. నేనే కోయమన్నాను. పచ్చ అంటే ఆకుపచ్చ అనుకున్నాను అత్తా. తప్పు నాదే."

"దించు నన్ను" అంది.

దింపాను. నా చెయ్యి వదిలించుకుని తనంతట తాను నడిచింది. యజమాని రేకులు పక్కకు లాగాడు. క్యాబ్ నాలుగు ముక్కలుగా నేల మీద పడి ఉంది. పైకప్పు ఒక పక్క, ఎడమ గోడ ఒక పక్క. కోసిన అంచులు నల్లగా కమిలి ఉన్నాయి. ఎడమ గోడ ముక్క మీద నీలం పెచ్చులు రాలి, పసుపు పట్టీ మూర పొడవున బయటపడి ఉంది. నేను రుద్దింది కాదు, మంట వేడికి పై రంగు దానంతట అదే ఊడిపోయింది. కటింగ్ ఆయన "ఇంగా కాలతాది అమ్మా, ముట్టుకోవద్దండి" అన్నాడు. అతను బకెట్టుతో నీళ్లు తెచ్చి ఆ ముక్క మీద, పక్కనున్న అడుగు రేకు మీద నిదానంగా పోశాడు. ఆవిరి తగ్గేదాకా ఆమె కదలకుండా నిలబడింది.

"యాడ కూసోనుండినాడు?" అంది.

ఈసారి నేను చూసి, కొలుచుకుని, తెలిసిందే చెప్పాను. క్యాబ్ అడుగు రేకును ఇంకా ముక్కలు చేయలేదు, విడిగా పడి ఉంది. సీటు బిగించిన నాలుగు బోల్టు రంధ్రాలు చూపించాను. ఇక్కడ సీటు. ఇక్కడ కాళ్లు. ఇటు ఒరిగాడు, కిటికీ వైపు. నాయన అక్కడి నుంచి ఇటు దూకి బ్రేకు పట్టుకున్నాడు. నాయన పుస్తకంలో ఉన్నంతే చెప్పాను, ఒక్క మాట ఎక్కువ కాదు. ఆమె చెప్పులు విడిచి, ఆ తడి రేకు మీద ఆ నాలుగు రంధ్రాల మధ్య నిలబడింది. నాకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ఆమెకు లేవు.

"నొప్పి పడినాడా?"

"లేదని రాసినాడు నాయన. నిమిషం కూడా పట్టలేదంట. బండి ఆగే లోపలే పోయినాడంట."

"ఏమన్నా అన్నాడా?"

ఆమె నన్ను చూడలేదు, రేకు వైపే చూస్తూ అడిగింది. నీ పేరు తలుచుకున్నాడు అంటే చాలు. ఎవరు వచ్చి కాదంటారు? చెప్పడానికి నాయన లేడు. నా నాలుక చివరి దాకా వచ్చింది ఆ మాట.

"ఏమీ అనలేదత్తా" అన్నాను.

ఆమె తల ఊపింది. "సరేప్పా" అంది, ఆ రేకు మీదే మెల్లగా కూర్చుంది.